డీ7200 నుంచి మిర్రర్‌లెస్‌కి మారాలా? ముందు మీ పాడైన ఫోటోలు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చేతిలో నికాన్ డీ7200 ఉంది, అంటే లోపల అద్దమున్న డీఎస్ఎల్ఆర్ కెమెరా. దాంతోపాటు 18-140 జూమ్, పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ, పక్షుల కోసం 200-500 ఉన్నాయి. తీసేది ఎక్కువగా ఇంట్లో పిల్లల్ని, అప్పుడప్పుడు వేడుకల్ని, సెలవు దొరికితే పక్షుల్ని. అందరూ మిర్రర్‌లెస్‌కి, అంటే అద్దం లేని కెమెరాలకి, వెళ్లిపోతున్నారు కాబట్టి మీరూ మారాలా, మారితే ఏకంగా ఫుల్ ఫ్రేమ్‌కే, అంటే మీదానికంటే పెద్ద సెన్సర్ ఉన్న బాడీకే, వెళ్లాలా అన్నది సందేహం.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ ఫోటోలు ఎక్కువగా ఫోకస్ తప్పి పాడవుతుంటే మారండి, ఆ ఖర్చుకి ఫలితం కనిపిస్తుంది. నాయిస్ (తక్కువ వెలుగులో ఫోటో మీద కనబడే చుక్కల గరుకు) వల్లనో, పిల్లల కదలిక వల్లనో పాడవుతుంటే బాడీ మార్చినా ఒరిగేది తక్కువ. ఫుల్ ఫ్రేమ్ మాత్రం, మీ దగ్గరున్న లెన్సులతో, నేను వద్దనే అంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుగు అద్దానికి తగిలి పైకి, వ్యూఫైండర్‌లోకి వెళ్తుంది. ఆ అద్దం మధ్యలో కాస్త వెలుగు దూరిపోయే భాగం ఉంటుంది. అక్కడ దూరిన వెలుగుని వెనకున్న మరో చిన్న అద్దం కిందికి, బాడీ అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కి పంపిస్తుంది. అంటే ఫోకస్ కొలిచేది ఒకచోట, ఫోటో పడేది మరోచోట. ఒకరు కొలతలు తీసుకుని ఇంకొకరు బట్ట కత్తిరించినట్టన్నమాట. రెండు దారుల పొడవూ అచ్చంగా ఒకటే ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. లెన్స్ కన్నం చిన్నదయ్యే ఎఫ్/8లో అది కనబడదు, బాగా తెరుచుకునే ఎఫ్/1.8లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మీ 50 ఎంఎంతో తీసిన దగ్గరి ఫోటోల్లో ఇలాంటివి తప్పకుండా కొన్ని ఉండి ఉంటాయి.

మిర్రర్‌లెస్‌లో ఫోటో పడే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది. కాబట్టి ఆ రెండు దారుల గొడవ లేదు. దానికి మించిన లాభం ఇంకొకటుంది: సెన్సర్ మీద పడే బొమ్మ మొత్తాన్నీ కెమెరా ఎప్పటికప్పుడు చదువుతూ ఉంటుంది కాబట్టి ఇది ముఖం, ఇది కన్ను, ఇది పక్షి అని గుర్తుపట్టి, అది ఫ్రేములో ఏ మూలకి పోయినా వెంటబడుతుంది. మీ డీ7200లో 51 ఫోకస్ పాయింట్లున్నాయి. అవి ఫ్రేము మధ్యలో గుంపుగా ఉంటాయి, అంచుల దాకా పోవు. పిల్లాడి ముఖం ఓ పక్కకి పెట్టి ఫ్రేమ్ చేయాలంటే పాయింటు జరుపుకోవాలి, లేదా మధ్యలో ఫోకస్ లాక్ చేసి కెమెరా తిప్పాలి. ఆ తిప్పే లోపల పిల్లాడు కదిలిపోతాడు. ఈ అవస్థ మిర్రర్‌లెస్‌తో నిజంగానే పోతుంది. ఇలా కన్నుని గుర్తుపట్టే ఐ ఆటోఫోకస్ అనేది ప్రకటనల హడావిడి అనుకునేవాళ్లున్నారు. పరిగెత్తే పిల్లల్ని తీసేవాళ్లకి మాత్రం గత పదేళ్లలో కెమెరాల్లో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం.

మారనిది ఏమిటంటే ఫోటో నాణ్యత. ఇది చాలామందికి మింగుడుపడదు. నికాన్ 2017లో తెచ్చిన డీ850 డీఎస్ఎల్ఆర్, 2018లో తెచ్చిన జెడ్7 మిర్రర్‌లెస్. రెండూ 45.7 మెగాపిక్సెళ్లే. ఒకే లెన్స్‌తో, ఒకే వెలుగులో తీసిన రా ఫైళ్లు (కెమెరా ఏ మెరుగులూ దిద్దని ముడి ఫైళ్లు) పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టం. అద్దం తీసేసినంత మాత్రాన సెన్సర్‌కి ఎక్కువ వెలుగు అందదు కదా. మీ డీ7200లోది 24 మెగాపిక్సెళ్ల డీఎక్స్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సైజుది. 2015 నాటిదైనా ఇప్పటికీ మంచి సెన్సరే. అదే సైజులో నికాన్ మిర్రర్‌లెస్ బాడీ అయిన జెడ్50-2 తీసుకుంటే మీకు దొరికేది 20.9 మెగాపిక్సెళ్లు, అంటే ఇప్పుడున్న దానికంటే తక్కువ. నాయిస్‌లో కూడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఏమీ కనిపించదు.

అందుకే రివ్యూలు చూడటం ఆపి, ఈ వారాంతం ఒక పని చేయండి. గత ఏడాదిలో మీరు తీసిన ఫోటోల్లో డిలీట్ చేయనివన్నీ కంప్యూటర్‌లో తెరవండి. బాగున్నవి వదిలేయండి. బాగుండాల్సింది పాడైనవి, మనసు చివుక్కుమనిపించినవి ఒక ఫోల్డర్‌లోకి లాగండి. ఒక్కొక్కటీ నూరు శాతానికి పెద్దది చేసి, ఎందుకు పాడైందో చూడండి. షట్టర్ స్పీడు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె), ఫోకల్ లెంగ్త్ ఎలాగూ ఫైల్‌లోనే ఉంటాయి. కారణాలు మీరు అనుకున్నంత రకరకాలుగా ఉండవు.

ఫ్రేములో ఏదో ఒకటి, ముక్కో, చొక్కా గుండీయో, వెనకున్న కర్టెనో, పదునుగా ఉండి కన్ను మసగ్గా ఉంటే అది ఫోకస్ తప్పడం. మిర్రర్‌లెస్ దీన్ని బాగా తగ్గిస్తుంది. కానీ తొందరపడకండి. మీ డీ7200 మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అని ఒకటుంది. మీ 50 ఎంఎంని స్టాండ్ మీద పెట్టి, ఏటవాలుగా పెట్టిన స్కేలు మీద ఫోకస్ చేసి, ప్రతిసారీ ముందుకో వెనక్కో ఒకేలా తప్పుతోందేమో చూడండి. ఒకేలా తప్పుతుంటే అక్కడ అంకె మార్చి సరిచేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తప్పుతుంటే మాత్రం ఫైన్ ట్యూన్‌తో లాభం లేదు. అది కదిలే మనిషిని కెమెరా పట్టుకోలేకపోవడమో, మన చెయ్యి ఆలస్యమో అయి ఉంటుంది.

ఇల్లూ గోడలూ పదునుగా ఉండి పిల్లాడి చేతులు మాత్రం చెదిరిపోతే అది కదలిక. షట్టర్ స్పీడు చూడండి, 1/60 అనో 1/100 అనో ఉంటుంది. పరిగెత్తే పిల్లాడికి 1/500 దాకా కావాలి. దీనికి ఏ బాడీలోనూ మందు లేదు. బాడీలో స్టెబిలైజేషన్ ఎంత గొప్పదైనా మీ చేతి వణుకుని ఆపుతుందే తప్ప పిల్లాడి పరుగుని ఆపదు. వెలుగు పెంచాలి, లేదా ఎక్కువ వెలుగు తీసుకునే లెన్స్ కావాలి, లేదా ఐఎస్ఓ పెంచడానికి భయపడటం మానేయాలి. ఈ చివరిది చాలామంది చేయరు. నాయిస్ ఉన్న పదునైన ఫోటోని సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయొచ్చు. చెదిరిపోయిన ఫోటోని ఎవరూ బాగుచేయలేరు.

ఫ్రేము మొత్తం ఒకే దిక్కుకి జారినట్టు ఉంటే అది మీ చేతి వణుకు. 18-140లోనూ 200-500లోనూ వీఆర్, అంటే చేతి వణుకుని లెన్స్‌లోనే సర్దే ఏర్పాటు, ఉంది కాబట్టి ఇవి మీకు తక్కువే ఉండాలి. 50 ఎంఎంలో వీఆర్ లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది, గమనించండి. మిర్రర్‌లెస్ అనగానే బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. జెడ్50-2లో అది లేదు. ఫుల్ ఫ్రేమ్ అయిన జెడ్5-2లో ఉంది.

ఫోకస్ బాగానే ఉండి, వెనక కిటికీ వెలుగుకి ముఖం నల్లగా పడితే అది ఎక్స్‌పోజర్. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఫోటో ఎలా పడబోతోందో నొక్కకముందే కనబడుతుంది కాబట్టి ఇలాంటి తప్పులు మొదటి రోజు నుంచే తగ్గుతాయి. అయితే రా తీసేవాళ్లకి ఇది అంత పెద్ద బాధ కాదు.

చివరిది, పక్షి ఎగిరిపోయాక ఖాళీ కొమ్మ. ఇవి మీ ఫోల్డర్‌లో ఎక్కువుంటే జెడ్50-2లో ఒక సదుపాయం మీకు పనికొస్తుంది. బటన్ సగం నొక్కి పట్టుకుంటే కెమెరా ఫోటోలు తనలో తాను పట్టుకుంటూ ఉంటుంది. మీరు పూర్తిగా నొక్కాక, నొక్కడానికి ముందు క్షణానివి కూడా కార్డులోకి వస్తాయి. కాకపోతే అవి జేపెగ్‌లే, రా రావు. పైగా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినవి కాబట్టి వేగంగా కొట్టుకునే రెక్కలు కొన్నిసార్లు వంకర తిరుగుతాయి. మామూలు సెన్సర్ బొమ్మని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది, ఆ లోపల రెక్క జరిగిపోతుంది. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫోటోలో అడ్డచారలు పడేది కూడా ఇందుకే. వేడుకల్లో మెకానికల్ షట్టర్ మీదే ఉంచుకోండి. నికాన్ జెడ్9 లాంటి వాటిలో సెన్సర్‌ని చదివే వేగం చాలా ఎక్కువ, అందుకే 2021లో అది మెకానికల్ షట్టరే లేకుండా వచ్చింది. ఆ తరగతి మనకి ఇప్పుడు అక్కర్లేదు.

ఇక లెన్సులు. అసలు లెక్క ఇక్కడుంది, బాడీ దగ్గర కాదు.

మీ లెన్సులు బాడీకి బిగించే నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. అందులో లెన్స్ అంచుకీ సెన్సర్‌కీ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, అద్దం తిరగడానికి ఆ ఖాళీ కావాలి. 2018లో వచ్చిన జెడ్ మౌంట్‌లో అది 16 మిల్లీమీటర్లే. ఆ తేడాని పూడ్చే గొట్టమే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్. లోపల గాజు ఏమీ ఉండదు కాబట్టి దానివల్ల నాణ్యత తగ్గదు. మీ 18-140, 200-500 రెండూ లోపల మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులు. ఎఫ్‌టీజెడ్ మీద రెండింటికీ ఆటోఫోకస్, వీఆర్ పనిచేస్తాయి.

మీ 50 ఎంఎం ఎఫ్/1.8డీ సంగతి వేరు. దానిలో మోటారు లేదు. ఇన్నాళ్లూ దాన్ని తిప్పింది డీ7200 బాడీలో ఉన్న మోటారు, మౌంటు అంచున కనిపించే ఆ చిన్న స్క్రూ ద్వారా. ఎఫ్‌టీజెడ్‌లో ఆ మోటారు లేదు. అంటే జెడ్ బాడీ మీద మీ 50 చేత్తో ఫోకస్ తిప్పుకునే లెన్స్ అయిపోతుంది. పిల్లల కోసం మారుతూ, పిల్లల్ని తీసే లెన్స్‌కే ఆటోఫోకస్ పోగొట్టుకుంటారన్నమాట. కాబట్టి మారే ఖర్చులో బాడీ, అడాప్టర్‌తోపాటు ఒక కొత్త ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ కూడా కలిపి లెక్కేయండి. అది కలపకుండా వేసిన లెక్క తప్పు లెక్క.

ఇది చదివే కెనాన్ వాళ్లకి ఒక మాట: మీకు ఈ బెడద లేదు. ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చినప్పుడే ఆటోఫోకస్ మోటారు లెన్స్‌లోనే పెట్టారు, కాబట్టి కెనాన్ ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్సులు వాళ్ల అడాప్టర్‌తో ఆర్ఎఫ్ బాడీల మీద నడుస్తాయి. పైగా 80డీ లాంటి డ్యూయల్ పిక్సెల్ బాడీ ఉంటే లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) పెట్టి కొన్నాళ్లు తీసి చూడండి, సెన్సర్ మీద ఫోకస్ ఎలా ఉంటుందో కొంత రుచి తెలుస్తుంది. డీ7200లో లైవ్ వ్యూ ఫోకస్ పాత పద్ధతిది, నిదానంగా వెతుక్కుంటుంది. అది చూసి మిర్రర్‌లెస్ ఇలాగే ఉంటుందనుకోకండి.

ఫుల్ ఫ్రేమ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు. మీ 18-140 డీఎక్స్ లెన్స్. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే కెమెరా మధ్య భాగాన్నే వాడుకుంటుంది, చేతికొచ్చేది దాదాపు 10 మెగాపిక్సెళ్లు. 200-500 ఫుల్ ఫ్రేమ్ లెన్సే, అది నిండుగా పనిచేస్తుంది. కానీ పక్షుల దగ్గర మనకి ఎప్పుడూ దూరం చాలదు. ఇప్పుడు డీ7200 మీద 500 దగ్గర పెడితే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 750 చూపు వస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తే అదే 500కి పడిపోతుంది. క్రాప్ చేసుకుంటే మళ్లీ అదే 10 మెగాపిక్సెళ్లు, ఇప్పుడు ఆ పక్షి మీద మీకు పడుతున్న పిక్సెళ్లలో సగం కూడా ఉండవు. ఇండోర్ వెలుగులో ఫుల్ ఫ్రేమ్‌తో నాయిస్ తగ్గుతుంది, కాదనను. కానీ దానికి తగ్గ లెన్సులు కూడా కొన్నప్పుడే ఆ లాభం చేతికొస్తుంది. మీరు నిజానికి మొత్తం కిట్ మార్చాలనుకుంటున్నారా, బాడీ ఒక్కటేనా అన్నది ముందు తేల్చుకోండి.

బరువు తగ్గుతుందనేది సగం నిజం. బాడీ తగ్గుతుంది: డీ850 బ్యాటరీ, కార్డుతో 1005 గ్రాములుంటే జెడ్7 675. లెన్స్ దగ్గర గ్యారంటీ లేదు. కెనాన్ 24-70 ఎఫ్/2.8 డీఎస్ఎల్ఆర్‌ది 805 గ్రాములు, మిర్రర్‌లెస్‌ది 900, ఎందుకంటే అందులో స్టెబిలైజేషన్ చేర్చారు. నికాన్‌లో అదే లెన్స్ వీఆర్ ఉన్న పాతది 1070, వీఆర్ లేని మొదటి జెడ్‌ది 805. ఇలా ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. మీ 200-500 స్టాండ్‌కి బిగించే కాలర్‌తో కలిపి 2300 గ్రాములు. దాని వెనక బాడీలో రెండొందల గ్రాములు తగ్గితే మీ భుజానికి తెలియను కూడా తెలియదు, పైగా అడాప్టర్ బరువు కలుస్తుంది.

బ్యాటరీ మాటకొస్తే డీ7200కి ప్రామాణిక పరీక్షలో 1110 ఫోటోలు. ఆ తరగతి మిర్రర్‌లెస్‌లో మూడొందల చుట్టుపక్కల అనుకోండి. నిజంగా తీసేటప్పుడు, ముఖ్యంగా బర్స్ట్‌లో (వరసగా టకటకా తీసేటప్పుడు), ఇంతకంటే చాలా ఎక్కువే వస్తాయి గానీ నిష్పత్తి మాత్రం అలాంటిదే. పక్షి కోసం కంటికి ఆనించుకుని గంటల తరబడి కూర్చునే వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అద్దాల వ్యూఫైండర్ చూస్తూ కూర్చుంటే కరెంటు దాదాపు ఖర్చవదు, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ చూస్తున్నంతసేపూ తాగుతూనే ఉంటుంది. మారితే రెండు బ్యాటరీలు అదనంగా పెట్టుకోండి. అంతే, దీని గురించి ఇంతకంటే బెంగపడక్కర్లేదు.

డీఎస్ఎల్ఆర్ పని అయిపోయిందన్న భయం గురించి. నికాన్ డీ6, డీ780, కెనాన్ 1డీఎక్స్ మార్క్ 3, మూడూ 2020లో వచ్చాయి, ఆ తర్వాత ఆ రెండు కంపెనీల కొత్త ఆలోచనంతా మిర్రర్‌లెస్ వైపే. పెంటాక్స్ ఒక్కటే 2021లో కే-3 మార్క్ 3 తెచ్చి డీఎస్ఎల్ఆర్‌ని పట్టుకుని ఉంది. కాబట్టి ఎఫ్ మౌంట్‌లో ఇక కొత్త లెన్సుల కోసం ఎదురుచూడొద్దు. మెల్లిగా విడిభాగాలూ తగ్గుతాయి. కానీ మీ చేతిలో ఉన్న కెమెరా దానివల్ల నిన్నటికంటే ఇవాళ చెడ్డది అయిపోలేదు. నిజానికి మారనివాళ్లకి ఇది మంచి కాలం. అందరూ అమ్మేసుకుంటున్న మంచి ఏఎఫ్-ఎస్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. అవి రేపు మీరు మారినా ఎఫ్‌టీజెడ్ మీద పనిచేస్తాయి.

మీ ఫోల్డర్‌లో కదలికా నాయిస్సే ఎక్కువుంటే నేనైతే బాడీ జోలికి పోను. ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ తీసుకుని, పైకప్పుకి తిప్పి కొట్టగలిగే ఫ్లాష్ ఒకటి కొంటాను. ఇంట్లో పిల్లల ఫోటోలకి ఆ రెండూ చేసే మేలు ఏ కొత్త బాడీ చేయదు. ఫోకస్ తప్పినవే ఎక్కువుంటే, పక్షులు ఎగిరిపోయినవీ కలిస్తే, జెడ్50-2, ఎఫ్‌టీజెడ్-2, ఒక కొత్త ప్రైమ్, మీ రెండు జూమ్‌లు. కొనేముందు రెండు రోజులు అద్దెకి తెచ్చుకుని, మీ ఇంట్లోనే, మీ పిల్లల మీదే, రాత్రి దీపాల వెలుగులో తీయండి. పగలు షాపు బయట తీసి చూస్తే ఏ కెమెరా అయినా బాగానే ఉంటుంది. మరునాడు 200-500 తగిలించి పక్షుల దగ్గరికి వెళ్లండి. అద్దె తెచ్చేటప్పుడు అడాప్టర్ కూడా అడిగి తెచ్చుకోవడం మర్చిపోకండి.

కొత్తది చేతికి అలవాటయ్యేదాకా డీ7200 అమ్మకండి. మెనూలు, బటన్లు చేతికి రాకముందే ఏదైనా వేడుక వస్తే పాతదే ఆదుకుంటుంది. చివరికి అమ్మేటప్పుడు 50 ఎఫ్/1.8డీని విడిగా పెట్టకండి, ఆ బాడీతో కలిపే ఇచ్చేయండి. మోటారున్న డీ7200 కొనేవాళ్లకి అది పూర్తిగా పనికొస్తుంది. విడిగా అయితే జెడ్ బాడీలున్నవాళ్లు చాలామంది దానివైపు చూడరు.